870 గొర్రెలూ, రూపాయిన్నర బిళ్ళా

బెజవాడ సూర్యారావుపేటలో ఏ క్లినిక్ బయట బల్ల మీదైనా ఓ అరగంట కూర్చుని చెవి ఒగ్గండి. "మీది ఫిఫ్టీనా అండీ? మా కోడలిది సెవెంటీ ఫైవ్." "మాది హండ్రెడ్డు. పోయిన్నెలే పెంచారు." హండ్రెడ్డు అన్నావిడ గొంతులో కాస్త దర్జా వినపడుతుంది. ఫిఫ్టీ ఆవిడ కొంగు సర్దుకుని వెనక్కి తగ్గుతుంది. ఒకప్పుడు ఎకరాల్లో గొప్పలు చెప్పుకున్న కృష్ణా డెల్టా ఇవాళ మైక్రోగ్రాముల్లో చెప్పుకుంటోంది.

అక్కడినుంచి మాట ధరల్లోకి దిగుతుంది. "ఆ కంపెనీది మానేసి ఈ కంపెనీది తెచ్చుకుంటే సీసాకి ఇరవై రూపాయలు కలిసొస్తుందట." "జనరిక్ అయితే సగమేనండీ, కానీ పనిచెయ్యదట." "మావాడు డల్లాస్ నుంచి పంపిస్తాడు, అసలుది." ఇంత ఆర్థికశాస్త్రం నడిచాక ముగ్గురూ లోపలికి వెళ్ళి, ఒక్కొక్కరూ వెయ్యికి తక్కువ కాకుండా కట్టి బయటికొస్తారు. ఆ వెయ్యి గురించి నోరెత్తరు. ఇరవై రూపాయల గురించి మాత్రం ఇంటికెళ్ళే ఆటోలో కూడా చర్చ సాగుతుంది.

సరే, లెక్కే వేద్దాం. కృష్ణా జిల్లావాళ్ళకి లెక్క చెప్పకుండా ఏం చెప్పినా ఎక్కదు. థైరాయిడ్ తక్కువైనవాళ్ళు వేసుకునే లీవోథైరాక్సిన్ అనే ఈ బిళ్ళ పేరున్న కంపెనీదైతే ఒకటి రూపాయిన్నర నుంచి రెండు రూపాయలు పడుతుంది. రోజుకొకటి చొప్పున ఏడాదికి 550 నుంచి 730 రూపాయలు. జన ఔషధి దుకాణంలో ఇందులో సుమారు సగం, సరుకు ఉన్న రోజున. అంటే చౌక దారికీ ఖరీదైన దారికీ మధ్య ఏడాదికి తేడా మూడు నాలుగు వందలు. బెంజి సర్కిల్ దగ్గర ఏసీ హోటల్లో ఇద్దరు కూర్చుని బిర్యానీ తిని లేస్తే అంతకంటే ఎక్కువే వదులుతుంది. దాని పక్కన కూల్‌డ్రింకు కూడా తాగితే రెండేళ్ళ తేడా.

ఈ ధర ఊరికే తక్కువగా లేదు. లీవోథైరాక్సిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, మార్కెట్లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరలన్నీ సగటు కట్టి, మందుల షాపు వాడికి 16 శాతం కలిపి, ఇంతకు మించి అమ్మకూడదని ఢిల్లీలో గీత గీస్తారు. ఏటా ఏప్రిల్లో టోకు ధరల సూచీని బట్టి ఆ గీతను జరుపుతారు. 2022లో 10.77 శాతం, 2023లో 12.12 శాతం పెరగనిచ్చారు. 2024లో ఎంతో తెలుసా? 0.00551 శాతం. ఐదు దశాంశ స్థానాలు! రూపాయిన్నర బిళ్ళ మీద అది పైసాలో వందో వంతు కూడా కాదు. అయినా కూర్చుని లెక్కగట్టారు. మన దేశంలో ప్రభుత్వం ఇంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి ఉంటే చూపించండి. గవర్నరుపేటలో మందుల షాపులవాళ్ళకీ ఇందులో పెద్దగా లాభం లేదు: సీసా మొత్తం అమ్మితే ఆ షాపు వాడికి మిగిలేది ముప్ఫై రూపాయల లోపు. అందుకే వాడు ఈ బిళ్ళ అడిగినవాళ్ళని చూసి నవ్వడు. ప్రొటీన్ పొడి డబ్బా అడిగినవాళ్ళని చూసి నవ్వుతాడు.

ఖరీదు అంటే ఏమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1891లో ఇంగ్లండులో న్యూకాసిల్ ఊళ్ళో జార్జి మరే అనే డాక్టరు, ఒళ్ళంతా వాచి మాట మందగించిన ఒకావిడకి గొర్రె మెడలోని థైరాయిడ్ గ్రంథి రసం ఎక్కించాడు. ఆవిడ కోలుకుంది. ఆ తర్వాత 28 ఏళ్ళు బతికి, 74వ ఏట పోయింది. అన్నేళ్ళలో ఆవిడ తాగిన గ్రంథి రసానికి 870కి పైగా గొర్రెలు కావలసివచ్చాయని ఆయనే తర్వాత రాశాడు. ఆ రోజుల్లోనే ఇంకో డాక్టరు ఈ గ్రంథిని కాస్త వేయించి వారానికోసారి పండ్ల జెల్లీతో తినమన్నాడు. ఆయన బెజవాడలో పుట్టి ఉంటే నిమ్మకాయ, ఉల్లిపాయ ముక్కలు కూడా రాసేవాడు. ఇవాళ మన సంతలో గొర్రెకి పదివేలు వేసుకున్నా 870 గొర్రెలంటే 87 లక్షలు. అదే 28 ఏళ్ళు ఈ బిళ్ళ వేసుకుంటే ఇవాళ్టి ధరలో 21 వేలు మించదు. మధ్యలో 1914 క్రిస్మస్ నాడు కెండాల్ అనే రసాయన శాస్త్రవేత్త మొదటిసారి ఆ హార్మోనుని స్ఫటికంగా విడదీశాడు. తర్వాత మూడు టన్నుల పంది గ్రంథులు ఉడకబెడితే ఆయన చేతికొచ్చింది 33 గ్రాములు. 1927కల్లా బ్రిటన్లో దాన్ని గొర్రే పందీ లేకుండా ప్రయోగశాలలో తయారుచెయ్యడం తెలిసిపోయింది. అంత పని జరిగి చివరికి రూపాయిన్నరకి మన గడప దగ్గరికి వస్తే, మనం అడిగిన మొదటి ప్రశ్న: "వేరే కంపెనీది చూపించండి."

ఈ కంపెనీల పిచ్చి మనకి మాత్రమే ఉందనుకునేరు. ఇది ఎక్కడ మొదలైందో చెబుతాను, తీరిగ్గా వినండి, ఎందుకంటే దీని తోక మన ఊరి దాకా ఉంది. అమెరికాలో ఈ మందుని సింథ్రాయిడ్ పేరుతో అమ్మిన, బూట్స్ చేజిక్కించుకున్న ఫ్లింట్ కంపెనీకి 1987లో ఒక ఆలోచన వచ్చింది. చౌక రకాలు మా దానితో సాటిరావని శాస్త్రం చేత చెప్పించాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బెట్టీ డాంగ్ అనే ఫార్మసీ పరిశోధకురాలికి డబ్బిచ్చి పరీక్ష చేయమన్నారు. 1990కి ఆవిడ పరీక్ష పూర్తయింది. ఫలితం: నాలుగూ ఒకటే. సింథ్రాయిడూ, దానికంటే చౌకగా దొరికే మిగతా మూడూ ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చు.

డబ్బిచ్చినవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పరీక్షలో లోపాలున్నాయన్నారు, ఆవిడ పద్ధతి సరిగ్గా లేదన్నారు. 1995 జనవరిలో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చు కావలసిన వ్యాసాన్ని ఆఖరి క్షణంలో ఆపించారు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంది: కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అచ్చు వెయ్యరాదు.  చివరికి పత్రికలవాళ్ళు గోల చేశాక 1997 ఏప్రిల్లో ఆ వ్యాసం వెలుగు చూసింది. చౌక రకాలు వాడితే అమెరికా ప్రజలకి ఏడాదికి 356 మిలియన్ డాలర్లు మిగులుతాయని అందులో లెక్క. అంటే ఆ ఏడేళ్ళ మౌనం ఖరీదు మీరే గుణించుకోండి.

ఇక తోక సంగతి. బూట్స్ మందుల వ్యాపారం 1995లో నోల్ కంపెనీ చేతికి, నోల్ 2001లో ఆబట్ చేతికి వెళ్ళాయి. మనదేశంలో ఆబట్ ఇండియా పుట్టింది 1944లో, బూట్స్ ప్యూర్ డ్రగ్ కంపెనీ ఇండియా అనే పేరుతోనే. ఇవాళ మన డెల్టాలో నూటికి ఎందరో పరగడుపున దేవుడి పటానికి దణ్ణం పెట్టి వేసుకునే థైరోనార్మ్ ఆ ఇంటిదే. మందు మంచిదే, నాకు దానిమీద పేచీ లేదు. కానీ "ఆ కంపెనీది అయితేనే పడుతుంది, మిగతావి గడ్డి" అని మా పిన్నిగార్లు అనే మాటని, అమెరికాలో డబ్బు పోసి కూడా నిరూపించలేకపోయారని తెలిస్తే బాగుంటుంది. 2023లో ఆ కంపెనీవే కొన్ని సీసాల మీద 25 అని లేబులు అంటించి లోపల 88 పెట్టారని తెలిసి వెనక్కి తెప్పించుకున్నారు. పేరున్న కంపెనీలో లేబులు అంటించేవాడికి కూడా ఒక్కోరోజు టీ ఆలస్యమవుతుంది.

పేరు మారినా లోపలిది మారదన్న సంగతి మిగతా దేశానికి తెలియకపోవచ్చు గానీ, బెజవాడకి తెలియకపోతే ఎట్లా? మన ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఎవరి పేరూ లేకుండా పుట్టింది. తర్వాత ఎన్టీఆర్ అయింది, 2022లో వైఎస్సార్ అయింది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ అయింది. పేరు మార్చినప్పుడల్లా అసెంబ్లీలో బల్లలు చరిచారు, రోడ్ల మీద ధర్నాలు చేశారు. లోపల థైరాయిడ్ గ్రంథి గురించి చెప్పే పాఠంలో ఒక్క అక్షరం మారలేదు. ఆ పాఠం చదివి డాక్టరైనవాళ్ళే బయటికొచ్చి చీటీ మీద మందు పేరు కాక కంపెనీ పేరు రాస్తున్నారు. అలా రాయకూడదు, మందు పేరే రాయాలని 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ గట్టి నిబంధన తెచ్చింది. అదే నెల 23న దాన్ని అటక మీద పెట్టేసింది. మూడు వారాలు. సినిమాలు కూడా కొన్ని అంతకంటే ఎక్కువ ఆడతాయి.

ఇక్కడ డాక్టర్ల తరఫున ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఈ మందు కొలత మహా సున్నితం. కాస్త ఎక్కువైతే గుండె దడ, కాస్త తక్కువైతే మంచం దిగబుద్ధి కాదు. అందుకే అమెరికా ఎఫ్‌డీఏ 1997లో కంపెనీలన్నిటినీ పిలిచి, మీ బిళ్ళల్లో శక్తి ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది, మళ్ళీ మొదటినుంచి అనుమతి తెచ్చుకోండి అంది. చౌకదైనా ఖరీదైనదైనా ఒకటే పట్టుకుని ఉండాలి, మార్చితే ఆరేడు వారాలయ్యాక టీఎస్‌హెచ్ (మందు చాలకపోతే పెరిగే హార్మోను) పరీక్ష చేయించుకోవాలి. మరి మనవాళ్ళు చేసేదేమిటి? ఈ నెల ఆ షాపులో రెండు రూపాయలు తక్కువని ఒక కంపెనీ, వచ్చే నెల ఆన్‌లైన్లో పదిహేను శాతం తగ్గింపని ఇంకో కంపెనీ, ఆపై నెల "అదే అమ్మా, ఒకటేనండి" అని షాపు కుర్రాడు చేతిలో పెట్టింది మరో కంపెనీ. మూడు నెలలకి మొత్తం ముప్ఫై రూపాయలు ఆదా. ఆ తర్వాత నీరసంగా ఉందని పరీక్షకి వెళితే మూడొందలు. చౌక బిళ్ళ వల్ల నష్టమేమీ రాలేదు. వచ్చిందంతా నెలకో చౌక వెతుక్కోవడం వల్ల.

దానికి తోడు మన ఎండ. ఈ మందుకి వేడీ, వెలుతురూ, తేమా మూడూ పడవు. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు, ఆగస్టులో కాలవ గాలి తేమ, మధ్యలో మన ఇళ్ళలో ఆ సీసా ఉండే చోటు పొయ్యి పక్కన అలమరలో పసుపు డబ్బా వెనక! రెండు నెలలకి బిళ్ళ బలం తగ్గుతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది, డాక్టరు గారు డోసు పెంచుతారు, ఇంటికొచ్చి "ఈ కంపెనీ కూడా మోసమే" అంటారు. ఉపాయం ఒకటే, చల్లని పొడి చోట గట్టిగా మూత పెట్టి ఉంచడం. అది ఉచితం కనుక ఎవరూ చెయ్యరు.

అన్నిటికంటే పెద్ద ఆటంకం మన కాఫీ. బిళ్ళ పరగడుపున నీళ్ళతో వేసుకుని ముప్పావు గంటో గంటో ఏమీ ముట్టకూడదు. ముఖ్యంగా కాఫీ. డెల్టాలో తెల్లారి అయిదింటికి లేచిన మనిషిని ఆరింటి దాకా కాఫీ లేకుండా కూర్చోబెట్టగలిగే శక్తి ప్రపంచంలో ఏ మందుల కంపెనీకీ లేదు. అందుకని చాలామంది కాఫీతోనే బిళ్ళ మింగుతారు. కొందరు ఇంకా తెలివిగా దానితోపాటే కాల్షియం, ఐరన్ బిళ్ళలు కూడా కలిపి గుటుక్కుమనిపిస్తారు. అవి నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే రూపాయిన్నర ఒంటికి పట్టదు. తర్వాత "థైరాయిడ్ బిళ్ళ నాకు పడదండీ" అని తీర్పు.

ఇక డల్లాస్ అబ్బాయి. "అమ్మా, అక్కడి మందులు కల్తీవి, నేను సింథ్రాయిడ్ పంపుతున్నా" అంటాడు. అదే అబ్బాయి వాళ్ళావిడ మాత్రం ఇన్సూరెన్సు మారినప్పుడల్లా బెజవాడ నుంచి సీసాలు తెప్పించుకుంటుంది. అట్లా హైదరాబాద్ విమానాశ్రయంలో ఆవకాయ జాడీల పక్కనుంచి ఒకవైపు అమెరికా థైరాక్సిన్ దిగుతుంది, ఇంకోవైపు ఆంధ్రా థైరాక్సిన్ ఎక్కుతుంది. రెండు పెట్టెల్లోనూ ఉన్నది ఒకే అణువు. ఆ అబ్బాయి ఇంటి పక్కనున్న వాల్‌మార్టులో జనరిక్ నెలకి నాలుగు డాలర్లకి అమ్ముతున్నారన్న సంగతి, పాపం, ఇంటర్నెట్లో పనిచేసేవాడు కనుక అతనికి తెలీదు.

కొందరికి ఈ బిళ్ళ చాలదు. "ప్రకృతి సహజమైనది కావాలి" అంటారు. అమెరికాలో ఇప్పటికీ ఎండబెట్టిన పంది గ్రంథి పొడి బిళ్ళలుగా దొరుకుతుంది. 2025 ఆగస్టులో అక్కడి ఎఫ్‌డీఏ వీటికి అనుమతే లేదని తయారీదారులకి ఉత్తరాలు రాసింది. ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా ముట్టని మనవాళ్ళు కొందరు సహజం అన్న ముక్క చదివి అదే తెప్పించమని అడిగారని విన్నాను. ఏం చేస్తాం, లేబుల్లో పంది బొమ్మ వెయ్యరు కదా. ఇంకొందరు టీ3 కూడా కావాలంటారు, అంటే లయోథైరోనిన్. అందరికీ అక్కర్లేదు, కొద్దిమందికే కావాలి, డాక్టరు చెప్పాలి. కానీ దాని ధర కథ మాత్రం అందరూ వినాలి. ఇంగ్లండులో ధరల నియంత్రణ పేరున్న బ్రాండ్లకే వర్తించేది. 2007లో అక్కడ దీన్ని తయారుచేసే ఏకైక కంపెనీ బ్రాండు పేరు తీసేసింది. పేరు పోయింది, గీతా పోయింది. 2009లో 20 పౌండ్లున్న పెట్టె 2017కి 248 పౌండ్లయింది. ప్రభుత్వ వైద్యశాఖ ఈ ఒక్క మందుకి 2006లో ఆరు లక్షల పౌండ్లు ఖర్చుపెడితే 2016లో మూడు కోట్లు దాటింది. 2021లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ వంద మిలియన్ల పౌండ్లకు పైగా జరిమానా వేసింది. చూశారా, ఇక్కడ పేరు పెట్టి గొప్ప చెప్పుకుంటారు, అక్కడ పేరు తీసి జేబు కొట్టారు. కాబట్టి జనరిక్ అనగానే చౌక అని ఎగిరి గంతెయ్యడం కూడా అమాయకత్వమే. చౌక చేసేది పేరు కాదు, నాలుగు కంపెనీల పోటీ, మెడ మీద గీత.

అసలు డబ్బు ఎక్కడికి పోతుందో చూద్దాం. బిళ్ళ ఏడాదికి ఏడొందలనుకుందాం. పక్కన "హోల్ బాడీ" ప్యాకేజీ: థైరాయిడ్ ప్రొఫైల్, విటమిన్లు, కొవ్వులు, లివరు, కిడ్నీ, అరవై నాలుగు పరీక్షలు, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు, పైగా దసరాకి తగ్గింపు. బిళ్ళ కుదురుగా పనిచేస్తున్న మనిషికి ఆర్నెల్లకో ఏడాదికో ఒక్క టీఎస్‌హెచ్ చాలు. టీ3 కూడా అక్కర్లేదు. కానీ ఒక్క పరీక్ష చేయించుకుని ఇంటికెళితే మర్యాద ఏముంది? అరవై నాలుగింట్లో రెండో మూడో ఎర్ర అక్షరాల్లో వస్తాయి. ఆ ఎర్ర అక్షరాలు పట్టుకుని ఇంకో డాక్టరు, ఇంకో స్కానింగ్.

దేశంలో పెద్దవాళ్ళలో వందకి పదకొండు మందికి థైరాయిడ్ తక్కువని ఎక్కడ చూసినా చదువుతుంటాం. అది హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో 5,360 మందిని పరీక్షించి 2013లో అచ్చువేసిన లెక్క, 10.95 శాతం. దానికి ఖర్చు భరించింది ఆబట్. లెక్క తప్పని నేననను. కానీ వర్షపాతం లెక్క గొడుగుల కంపెనీ ఇస్తే, గొడుగు కొనేముందు ఒకసారి ఆకాశం వైపు చూస్తాం. అందులో చాలామందికి టీఎస్‌హెచ్ కొంచెమే పెరిగి, అసలు హార్మోను మామూలుగానే ఉంటుంది. 2017లో యూరప్‌లో 65 ఏళ్ళు దాటిన అటువంటి 737 మందిలో కొందరికి ఈ బిళ్ళ, కొందరికి ఉత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. నీరసంలోగానీ లక్షణాల్లోగానీ తేడా ఏమీ రాలేదు. అంటే మన తాతమ్మలు కొందరికి అన్నిటికంటే చౌకైన మందు ఏదంటే, అసలు మొదలుపెట్టని బిళ్ళ. గర్భిణులకీ, నిజంగా హార్మోను తక్కువైనవాళ్ళకీ, గ్రంథి తీసేసినవాళ్ళకీ ఈ మాట వర్తించదు. ఎవరూ ఇది చదివి రేపటి బిళ్ళ మానకండి, డాక్టర్నే అడగండి. అడగడానికి ఆ వెయ్యి ఎలాగూ కడుతున్నారుగా.

థైరాయిడ్ "మూలాల్నుంచి" తీసేస్తామనేవాళ్ళది వేరే బజారు. చూర్ణం మూడు నెలల కోర్సు ఆరువేలు. ఏడెనిమిదేళ్ళ కిందట ఊరంతా పొద్దున్నే కొబ్బరినూనె తాగిన రోజులు ఎవరూ మర్చిపోలేదు, నూనె కొట్టువాళ్ళు అసలే మర్చిపోలేదు. 1954 నాటి చట్టం ప్రకారం గాయిటర్‌ని నయం చేస్తామని ప్రకటన వెయ్యడం నేరం. చట్టం ఉంది, ఏలూరు రోడ్డులో గోడ మీద ప్రకటనా ఉంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకోకుండా డెబ్బై ఏళ్ళు కాపురం చేస్తున్నాయి. వీళ్ళందరికంటే నాకు నచ్చేది గులాబీ ఉప్పు. మామూలు అయొడైజ్డ్ ఉప్పు కిలో పాతిక రూపాయల చిల్లర, అందులో గ్రంథికి కావలసిన అయొడిన్ ఉంటుంది. హిమాలయాల గులాబీ ఉప్పు నాలుగింతలు ధర, అయొడిన్ కలపని రకంలో అది ఉండీలేనట్టే. బందరు సముద్రం పక్కన పుట్టి, హిమాలయాల ఉప్పు తిని, అయొడిన్ తగ్గి, హార్మోను బిళ్ళ ధర ఎక్కువుందని గొణిగే మనిషిని చూస్తే నాకు గౌరవం.

పెళ్ళి సంబంధాల దగ్గరికి వస్తే హాస్యం ఆగిపోతుంది. అమ్మాయికి థైరాయిడ్ ఉందంటే డెల్టాలో ఇప్పటికీ గుసగుసలు. "పిల్లలు పుడతారో లేదో." బిళ్ళ సరిగా వేసుకుంటే పుడతారు. వేసుకోకపోతేనే కష్టం. కానీ ఆ బిళ్ళని అత్తారింట్లో ఎవరికీ కనపడకుండా ఏ అమృతాంజనం సీసాలోనో దాచుకుని, గదిలో ఎవరూ లేనప్పుడు వేసుకునే కొత్తకోడళ్ళు ఈ జిల్లాలో ఉన్నారు. దాచుకున్నప్పుడు పరగడుపు కుదరదు, ఒక్కోరోజు మర్చిపోతారు, తీరా గర్భం వచ్చాక డోసు పెంచాల్సిన సమయంలో చెప్పడానికి భయం. అబ్బాయికి ఇరవై ఎనిమిదికే షుగరు ఉంటే "ఉద్యోగం ఒత్తిడి" అంటారు. అమ్మాయికి మాత్రం రూపాయిన్నర బిళ్ళ ఉంటే కట్నంలో రెండు లక్షలు పెంచమంటారు. ప్రపంచంలో లీవోథైరాక్సిన్‌కి ఇంత ధర పలికిన మార్కెట్ ఇంకోటి లేదు. ఇంగ్లండు కంపెనీ కూడా ఇంత సాహసించలేదు.

ఈ గొడవలేవీ లేని మనిషి నాగాయలంకలో ఉంటుంది. చేపల చెరువు పనికి పోతుంది. ఏడాది కిందట డాక్టరు బిళ్ళ రాశాడు, మూడు నెలలు వేసుకుంది, సీసా అయిపోయింది. సీసా కొనలేక మానలేదు. "మళ్ళీ పరీక్ష చేసుకుని రా" అన్నారు కనుక మానింది. ఒక రోజు కూలి, డాక్టరు ఫీజు, మూడు రకాల పరీక్షలు, మధ్యాహ్నం భోజనం. ఈ మొత్తం ఏడాది బిళ్ళల ఖరీదుకి రెట్టింపు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆర్టీసీ బస్సు ఆడవాళ్ళకి ఉచితం కనుక ఛార్జీ కలిసొచ్చింది, ఒప్పుకుంటాను. బిళ్ళ కోసం బెజవాడ దాకా పోవడానికి బస్సు ఉచితం. బిళ్ళే ఊరికి వస్తే బస్సుతో పనే లేదని మాత్రం ఎవరికీ తోచలేదు. ఊళ్ళో క్లినిక్ ఉంది, అందులో బీపీ బిళ్ళలూ షుగరు బిళ్ళలూ పంచే సిస్టరమ్మ ఉంది. ఆవిడ సంచీలో ఈ సీసా కూడా వేసి, ఏడాదికోసారి ఒక్క టీఎస్‌హెచ్‌కి అక్కడే రక్తం తీసి పంపితే సరిపోయే పని. కానీ సులువైన పనికి శంకుస్థాపన ఉండదు. పైగా పథకానికి ఎవరి పేరు పెట్టాలో తేలడానికే రెండు ఎన్నికలు పడతాయి.

ఇంకొక కొనుగోలుదారు ఉన్నాడు, పుట్టి మూడు రోజులు. మన దేశంలో పుట్టే ప్రతి వెయ్యిమంది పిల్లల్లో దాదాపు ఒకరికి ఈ గ్రంథి పుట్టుకతోనే సరిగా పనిచెయ్యదు. చూడ్డానికి ఏమీ తెలీదు, బాగా నిద్రపోతాడు, ఏడవడు, "బుద్ధిమంతుడు" అని మురిసిపోతారు. పుట్టిన రెండు వారాల్లోగా పట్టుకుని బిళ్ళ మొదలుపెడితే మామూలుగా ఎదిగి బళ్ళో అందరిలా అల్లరి చేస్తాడు. ఆలస్యమైతే బుద్ధి ఎదగదు, తర్వాత ఎంత పోసినా వెనక్కి రాదు. పట్టుకోవడానికి కావలసింది మడమ మీద చిన్న పోటు, కాగితం మీద రెండు మూడు చుక్కల రక్తం. బారసాలకి ఫంక్షన్ హాలువాణ్ణి ఏసీ పనిచేస్తుందా, జనరేటరు ఉందా, వంటవాడు గుడివాడవాడేనా అని నాలుగుసార్లు అడిగే తాతగారు, ఆసుపత్రివాళ్ళని "మడమ రక్తం పరీక్ష చేశారామ్మా?" అని ఒక్కసారి అడగరు. ఆ పరీక్ష మొత్తానికయ్యే డబ్బు బారసాలలో కిళ్ళీల ఖర్చుకి సరిపోదు. అందులో తేడా బయటపడినా కొనాల్సింది అదే బిళ్ళ. రోజుకొకటి, మెత్తగా నూరి రెండు చెంచాల తల్లిపాలలో కలిపి పట్టాలి, ఏ కంపెనీదైనా సరే, అదే కంపెనీది.